రైలు పెట్టె క్రింది రబ్బరు: దానిని ఎంచుకొను విధము



మాది సంఘము వారి ఆదివారపు బడిలో నేర్చుకొన్న తెలుగు. వయసు వచ్చిన తరువాత పలక పట్టి అక్షరాలు దిద్దినాము. వారములో ఐదు రోజులు పిల్లలకు లెక్కలు, సామాన్య శాస్త్రము చెప్పుకొని బ్రతుకుతున్నాము. ఆదివారము పూట, మేము నేర్చుకొన్న ఆ బడిలోనే ఇప్పుడు మరికొందరికి తెలుగు చెప్పుచున్నాము. కనుక ఈ వ్యాసములో మాట తప్పులు దొర్లితే పెద్దలు మన్నించవలెను. లెక్కలు మాత్రము జాగ్రత్తగా చూచి వ్రాసినాము.

ఈ వ్యాసము పుట్టుటకు కారణము మా ఆదివారపు బడికి వచ్చే ఒక కుర్రవాడు. అతడు రైలు పెట్టెలు బాగుచేసే ఒక మరమ్మతు శాలలో పని నేర్చుకొంటున్నాడు. ఒకనాడు పాఠము అయిన తరువాత నల్లబల్లపై ఒక బొమ్మ గీసి ఇట్లా అడిగినాడు.

"మాస్టారూ, ఇనుప రేకు, రబ్బరు పొర, మళ్ళీ రేకు, మళ్ళీ పొర, ఇట్లా అతికించిన దిమ్మ ఇది. రైలు పెట్టె దీనిమీదే నిలబడుతుంది. మొన్న ఒక మూల పాతది పాడైతే కొత్తది వేశాము. చట్రము ఆ మూల ఎత్తుగా నిలిచింది. మా మేస్త్రీగారు, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందిలే అన్నారు. నిజమేనా?"

వెనుక బల్లమీద అతని మామ్మగారు కూర్చొని ఉన్నారు. ఆమె పడుచుదనములో మోన్ రాష్ట్రపు రబ్బరు తోటలో తెల్లవారకముందే చెట్లకు గాటు పెట్టి, చిప్పలలో పాలు పట్టిన మనిషి. "ఆ పాలతో చేసిన ముద్ద మీద రైలు నిలబడుతుందిరా?" అని ఆమె ఆశ్చర్యపోయినారు.

ఇద్దరి ప్రశ్నలకూ ఆ రోజు మా వద్ద సరియైన జవాబు లేదు. తరువాత పుస్తకాలు చూచి, తెలిసినవారిని అడిగి, మేము నేర్చుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మన పత్రిక చదివే కుటుంబాలలో చాలామంది పెద్దలు తోటలలో రబ్బరు పాలు తీసినవారే. మలయాలో పేరాక్, కెడా, జొహోర్ తోటలలో గాని, బర్మాలో దక్షిణపు తోటలలో గాని, ఆ పాలు డబ్బాలకెక్కి ఎక్కడికి పోయినవో, ఏమైనవో ఆనాడు వారికి చెప్పినవారు లేరు.

ఒకే ఏట వచ్చిన రెండు

రంగూను నుండి ప్రోము వరకు బర్మాలో మొదటి రైలు మార్గము 1877 మే 1న తెరిచినారు. పట్టాల నడుమ వెడల్పు ఒక మీటరు. ఈనాటికీ ఈ దేశపు రైళ్ళకు అదే కొలత. సరిగా ఆ 1877లోనే 22 రబ్బరు మొక్కలు సింగపూరు తోటకు చేరినవి. అంతకు ముందటి ఏడాది హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుండి తెచ్చిన సుమారు 70,000 గింజలలో, లండన్ దగ్గరి క్యూ తోటలో మొలకెత్తినవి మూడు వేలకు లోపే. ఆసియా ఖండపు రబ్బరు తోటల చరిత్ర ఆ మొక్కలతో మొదలైనది. మన పూర్వులు కాకినాడ, విశాఖపట్నము రేవులలో ఓడలెక్కి ఇటు వచ్చినప్పుడు ఈ రెండూ వారి బ్రతుకులో కలిసినవి. కొరంగి రేవు పేరు మీదుగా ఇక్కడివారు మనలను 'కొరంగీలు' అన్నారు.

అయితే రైలుకూ రబ్బరుకూ పొత్తు అంతకంటె పాతది. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. గంధకము కలిపి వేడిచేస్తే ఆ గుణము పోయి గట్టిపడుతుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టినాడు. 1850ల నాటికే ఇంగ్లండులో రైలు పెట్టెల తాకుడు దిమ్మలకు రబ్బరు వాడసాగినారు. ఆ పరిశ్రమలో పేరుపొందిన స్టీఫెన్ మౌల్టన్ మునిమనుమడు అలెక్స్ మౌల్టన్, 1959లో వచ్చిన 'మినీ' అనే చిన్న కారుకు రబ్బరు స్ప్రింగులు అమర్చినాడు. అమెరికాలో 1936లో తిరగసాగిన పి.సి.సి. ట్రాము బండ్లలో, చక్రాలలోనూ బండి క్రిందా లోహముతో అతికిన రబ్బరు ఉన్నది.

స్ప్రింగు చేసే పని

ముందుగా ఒక మాట. మన ఇళ్ళలో రైలు పెట్టెనే 'బోగీ' అంటాము. మరమ్మతు శాలలో బోగీ అంటే పెట్టె క్రింద ఉండే చక్రాల చట్రము. ఒక పెట్టెకు రెండు బోగీలు, ఒక బోగీకి రెండు ఇరుసులు, ఒక్కొక్క ఇరుసుకు రెండు కొనలయందు రెండు ఇరుసు పెట్టెలు. అంటే పెట్టె మొత్తము మీద ఎనిమిది ఇరుసు పెట్టెలు. ఇరుసు పెట్టెకూ బోగీ చట్రానికీ నడుమ ఒక వరుస స్ప్రింగులు, బోగీకీ పైనున్న పెట్టెకూ నడుమ రెండవ వరుస. మేము చెప్పేది ముఖ్యముగా మొదటి వరుసను గురించి.

వెనుకటి రోజులలో అక్కడ కమాను కట్టలు ఉండేవి. బద్దల నడుమ రాపిడి వలన ఊపు అణిగేది గాని, వానకు తుప్పుపట్టి బిగుసుకొని పోయేవి. తరువాత ఉక్కు చుట్ట స్ప్రింగులు వచ్చినవి. అవి మెత్తగా పనిచేస్తాయి గాని ఒకసారి ఊగితే ఊగుతూనే ఉంటాయి, ఊపు ఆపుటకు వేరే పరికరము కావలెను. రబ్బరు ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది. తనలోనే కొంత ఊపును మ్రింగి వేడిగా మార్చుకొంటుంది. నూనె వేయనక్కరలేదు, అరిగే జారుడు భాగాలు లేవు, పట్టాల చప్పుడును కూడా కొంత పైకి రానీయదు.

రబ్బరు నలగదు, జరుగుతుంది

ఇక మామ్మగారి ప్రశ్న. ఇంత మెత్తని వస్తువు అంత బరువు ఎట్లా మోస్తుంది?

మేము తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసినాము. పెన్సిలు గీత చెరిపే రబ్బరును బల్లమీద పెట్టి బొటనవ్రేలితో నొక్కమన్నాము. అది క్రిందికి దిగినంత మేర ప్రక్కలకు ఉబ్బినది. ఒక పిల్ల తన రబ్బరు చెప్పు తెచ్చి, "ఇది ఉబ్బలేదు మాస్టారూ, ఇదీ రబ్బరే కదా?" అన్నది. మంచి ప్రశ్న. చెప్పులో నలిగినది రబ్బరు కాదు, దానిలోని గాలి బుడగలు. నిండు రబ్బరుకు రూపము సులభముగా మారుతుంది గాని పరిమాణము తగ్గదు. నీటివలె అనుకోవచ్చును.

కనుక రబ్బరు ప్రక్కలకు ఉబ్బకుండా ఆపితే అది దిగనే దిగదు. ఆ పని చేసేవే నడుమనున్న ఇనుప రేకులు. లెక్క చూడండి. 100 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 40 మందము గల రబ్బరు దిమ్మకు పైనా క్రిందా రేకులు అతికించినాము అనుకొందాము. బరువు పడే వైశాల్యము 10,000 చదరపు మిల్లీమీటర్లు. ఉబ్బుటకు వీలున్న నాలుగు ప్రక్కల వైశాల్యము 16,000. నడుమ మరి మూడు పలుచని రేకులు పెట్టి నాలుగు పొరలు చేస్తే, ఒక్కొక్క పొర మందము 10 మిల్లీమీటర్లు. దాని ప్రక్కల వైశాల్యము 4,000 మాత్రమే. ఉబ్బుటకు దారి తగ్గినది. వాడిన రబ్బరు అంతే, కాని నొక్కుడుకు ఆ దిమ్మ సుమారు ఆరు రెట్లు గట్టిపడుతుంది.

ఇప్పుడు అదే దిమ్మను పై రేకు పట్టుకొని ప్రక్కకు జరపండి, పేకముక్కల కట్టను జరిపినట్లు. రేకులు ఎన్ని పెట్టినా ఈ ప్రక్క జరుగుడు మునుపటంత మెత్తగానే ఉంటుంది. ఒకే దిమ్మ ఒక దిక్కున గట్టి, మరొక దిక్కున మెత్తన. రైలువారికి కావలసినది ఇదే.

ముఖ్యమైన ఆకారములు

మొదటిది బల్లపరుపు దిమ్మ, పైన చెప్పినటువంటిదే. ఎక్కువగా బోగీకీ పైభాగానికీ నడుమ పనిచేస్తుంది. మన ఆంధ్రదేశములో తిరిగే బలమైన డీజిలు ఇంజనులు కొన్నింటిలోను ఇవి ఉన్నవి.

రెండవది చెవ్రాన్. పోలీసు హెడ్డు కానిస్టేబులు చొక్కా చేతిమీద కోసుగా మడచిన పట్టీలు ఉంటాయి గదా, ఆ ఆకారము. రేకులూ రబ్బరు పొరలూ ఆ కోసు రూపములోనే అతికి ఉంటాయి. ఇరుసు పెట్టెకు ముందొకటి, వెనుకొకటి, ఇంటి కప్పు వాసాలవలె ఏటవాలుగా నిలుపుతారు. బరువు పడినప్పుడు రబ్బరు కొంత నలుగుతుంది, కొంత జరుగుతుంది. వాలు కోణము మార్చితే ఈ రెండింటి పాలు మారుతుంది. అందుచేత నిలువున ఎంత, ముందువెనుకల ఎంత, ప్రక్కలకు ఎంత గట్టిగా ఉండవలెనో చాలావరకు విడివిడిగా నిర్ణయించుకోవచ్చును. మా కుర్రవాడు నల్లబల్లపై గీసినది ఇదే.

మూడవది గరాటు ఆకారము. ఒకదానిలో ఒకటి దూర్చిన గరాటు రేకుల నడుమ రబ్బరు పొరలు ఉంటాయి. జపానులో 1985లో వచ్చిన 205 శ్రేణి విద్యుత్ రైళ్ళ ఇరుసు పెట్టెలకు ఈ రకము వాడినారు. ఆ రైళ్ళే తరువాత ఇండోనేషియా వారు కొనగా 2014 నుండి జకార్తా నగరములో తిరిగినవి.

ఎంచుకొనుటకు అడుగవలసిన ప్రశ్నలు

ఒకటి: ఖాళీ బరువెంత, నిండు బరువెంత?

మెత్తనిదే మంచిదని చాలామంది అనుకొంటారు. అది నిజము కాదు. ఒక ఉదాహరణ తీసుకొందాము. మా మింగళాడోన్ స్టేషను రంగూను నగరము చుట్టూ తిరిగే వలయ మార్గములో ఉన్నది. ఆ మార్గము పొడవు సుమారు 46 కిలోమీటర్లు. ఒక చుట్టు తిరుగుటకు వెనుక మూడు గంటలు పట్టేది. డానింగోన్ దగ్గర కూరగాయల బుట్టలు ఎక్కితే పెట్టెలో కాలు పెట్టుటకు చోటుండదు. అటువంటి ఒక పెట్టెలో, ఖాళీగా ఉన్నప్పుడు స్ప్రింగులపై పడే బరువు 20 టన్నులు, మనుషులూ బుట్టలూ నిండినప్పుడు 30 టన్నులు అనుకొందాము. ఎనిమిది ఇరుసు పెట్టెలకు పంచితే ఒక్కొక్కదానిపై ఖాళీలో 2,500 కిలోలు, నిండులో 3,750 కిలోలు.

స్ప్రింగు ఒక మిల్లీమీటరు దిగుటకు 100 కిలోలు కావలెననుకొంటే, ఖాళీలో 25 మిల్లీమీటర్లు, నిండులో 37.5 మిల్లీమీటర్లు దిగుతుంది. ఎంత దిగుతుందో తెలిస్తే క్షణానికి ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది: దిగుడు నాలుగింతలైతే ఊపుల సంఖ్య సగమగును. 25 మిల్లీమీటర్ల దిగుడుకు క్షణానికి సుమారు 3.2 ఊపులు, 37.5కు 2.6.

ఇంతకు రెండింతల గట్టి స్ప్రింగు వేస్తే ఖాళీ పెట్టె క్షణానికి సుమారు 4.5 సార్లు ఊగుతుంది. కూర్చున్న మనిషి శరీరానికి క్షణానికి 4 నుండి 8 ఊపులు మిక్కిలి బాధాకరము. నడుము, పొట్ట అదురుతాయి. పోనీ సగము మెత్తనిది వేస్తే, ఖాళీకీ నిండుకూ నడుమ పెట్టె 25 మిల్లీమీటర్లు క్రుంగుతుంది. మెట్టు ఎత్తు మారును, పెట్టెలను కలిపే కొక్కెముల ఎత్తు మారును, రబ్బరుపై సాగుడు మితిమీరి త్వరగా చీలును. కనుక మొదటి వరుసలోని రబ్బరు ఒక్కటే ప్రయాణ సుఖమంతా ఇవ్వలేదు. మిగిలిన సుఖము రెండవ వరుసలోని చుట్ట స్ప్రింగులో గాలి సంచులో ఇవ్వవలెను.

ఇంకొక సంగతి. రబ్బరు నిలకడగా ఉన్నప్పటి కంటె వేగముగా ఊగేటప్పుడు గట్టిగా ఉంటుంది. రకమును బట్టి ఆ తేడా అయిదో వంతు నుండి సగము వరకు ఉండవచ్చును. బరువు పెట్టి నెమ్మదిగా కొలిచిన అంకె ఒక్కటే చూచి ఎంచుకొంటే మోసపోతాము.

రెండు: ఏ దిక్కున ఎంత?

చక్రాల జత పట్టాలపై నేరుగా పోదు. కొద్దిగా అటూ ఇటూ వెదుకుకొంటూ పోతుంది. ముందువెనుకలకు, ప్రక్కలకు స్ప్రింగు మరీ మెత్తనైతే వేగము పెరిగినప్పుడు ఆ వెదుకులాట పెద్దదై బోగీ కొట్టుకొంటుంది. మరీ గట్టిదైతే వంపులో ఇరుసు వంపుకు తగినట్లు తిరగలేక, చక్రపు అంచు పట్టాను కోస్తుంది, రెండూ అరుగుతాయి. దూరపు వేగబండికి ఒక తీరు, నగరములో వంపులు తిరుగుతూ ప్రతి రెండు నిమిషాలకూ ఆగే బండికి మరొక తీరు కావలెను. ఒకదానికి సరిపోయిన దిమ్మ, చూడ అదే కొలతలో ఉన్నా, ఇంకొకదానికి సరిపోదు.

మూడు: దారి ఎట్లున్నది?

మన దేశములలో ఇది ముఖ్యమైన ప్రశ్న. రంగూనులో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వానాకాలములో పట్టాల క్రింది మన్ను మెత్తబడి అక్కడక్కడ ఒక పట్టా క్రుంగుతుంది. నాలుగు కాళ్ళ పీటను ఎగుడు దిగుడు నేలమీద పెట్టినట్లు, నాలుగు చక్రాలలో ఒకటి తేలికపడుతుంది. తేలికపడిన చక్రము వంపులో పట్టా ఎక్కి జారిపోవచ్చును. పట్టా తప్పుట అంటే అదే.

లెక్క సులభము. ఒక చక్రము క్రింద దారి 20 మిల్లీమీటర్లు క్రుంగితే, 100 కిలోల స్ప్రింగుతో ఆ మూల బరువు సుమారు 500 కిలోలు తగ్గుతుంది, అంటే ఖాళీ పెట్టెలో అయిదవ వంతు. రెండింతల గట్టి స్ప్రింగుతో 1,000 కిలోలు తగ్గుతుంది. చెడ్డ దారికి గట్టి స్ప్రింగు కావలెనని చెప్పేవారు ఈ లెక్క చూడవలెను. ఒరుగుడు లేని చదునైన దారిమీద చెల్లిన గట్టిదనము ఇక్కడ అపాయము.

నాలుగు: ఎండ, నూనె, వయస్సు

చాలా రైలు స్ప్రింగులకు చెట్టు పాల రబ్బరే వాడుతారు. చిన్న చీలిక పడినా త్వరగా ప్రాకనీయని గుణము దానికి ఉన్నది. సాగినప్పుడు దాని అణువులు వరుసగా పేరుకొని గట్టిపడి చీలికను అడ్డగిస్తాయి. కాని ఖనిజపు నూనె తగిలితే అది ఉబ్బి పాడవుతుంది. గాలిలోని ఓజోను సాగిన చోట్ల సన్నని నెరియలు పెడుతుంది. నూనె ఎక్కువగా కారే చోట క్లోరోప్రీన్ వంటి కృత్రిమ రబ్బరు మేలు. దానికి నూనెను, ఓజోనును ఓర్చుకొనే శక్తి ఎక్కువ. అయితే బరువు క్రింద అది ఎక్కువగా క్రుంగే స్వభావము గలది. ఒకటి తీసుకొంటే ఒకటి విడువవలసి వస్తుంది.

చలిదేశములో ప్రశ్న వేరు. 1986 జనవరి 28న అమెరికా వారి చాలెంజరు అంతరిక్ష నౌక పేలి ఏడుగురు మరణించినారు. చలికి బిరుసెక్కిన కృత్రిమ రబ్బరు కట్టు అందుకు కారణమని విచారణలో తేలినది. మనకు చలి భయము లేదు. మనకున్న భయము ఎండ, నూనె, దగ్గరలో చేసే వెల్డింగు వేడి. ఆ వేడికి రబ్బరూ లోహమూ అతికిన చోటు ఊడిపోవచ్చును.

రబ్బరు స్ప్రింగు బరువు క్రింద ఏళ్ళ తరబడి కొద్ది కొద్దిగా క్రుంగుతూనే ఉంటుంది. దీనికొక చిత్రమైన లెక్క ఉన్నది. మొదటి రోజు నుండి పదవ రోజుకు ఎంత క్రుంగునో, పదవ రోజు నుండి నూరవ రోజుకు ఇంచుమించు అంతే, నూరు నుండి వేయికి అంతే. మొదట వేగముగా, పోనుపోను నిదానముగా సాగుతుంది.

అయిదు: తోటి స్ప్రింగులతో పొందిక

కార్ఖానాలో ఒకే అచ్చున పోసిన దిమ్మలైనా ఒకదానికొకటి కొద్ది తేడా ఉండును. అందుచేత ప్రతి దిమ్మనూ ఒక బరువు క్రింద పెట్టి, ఎంత దిగినదో కొలిచి, దగ్గరి కొలతలవి ఒక జట్టుగా గుర్తుపెడతారు. ఒక బోగీకి ఒకే జట్టువి వేయవలెను. చిన్న తేడాలను ఇనుప బిళ్ళలతో సర్దుతారు. ధర చవుకని ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ కొనుట మంచిది కాదు. దిమ్మపై అచ్చువేసిన తయారీ తేది చూడకుండా కొనుటయూ మంచిది కాదు. నీడపట్టున, నూనెలకు దూరముగా, వంగకుండా నిలువ ఉంచవలెను.

చక్రములోని రబ్బరు నేర్పిన పాఠము

రబ్బరు మంచిదే గదా అని ఎక్కడ పడితే అక్కడ పెట్టుట తగదు. జర్మనీలో వేగబండి పెట్టెల అదురు తగ్గించుటకు చక్రపు నడిమి భాగమునకూ వెలుపలి ఉక్కు కట్టుకూ నడుమ రబ్బరు పెట్టినారు. నిదానముగా నడిచే ట్రాములలో అటువంటి చక్రాలు బాగుగా పనిచేసినవి. కాని 1998 జూన్ 3న ఎషెడె అనే ఊరి దగ్గర వేగముగా పోవుచున్న రైలులో ఒక చక్రపు ఉక్కు కట్టు తెగిపోయినది. 101 మంది చనిపోయినారు. తెగినది రబ్బరు కాదు, ఉక్కు. క్రింద రబ్బరు ఉండుట చేత ఆ కట్టు ప్రతి తిరుగుడుకూ కొద్దిగా వంగి, కోట్ల సార్లు వంగి, లోపలి వైపు నుండి చీలినది. అది అరిగి పలుచబడిన కొద్దీ వంగుడు పెరిగినది. ఇరుసు పెట్టె మీది స్ప్రింగు అటువంటిది కాదు. అయినా చూపు రబ్బరుపైనే నిలుపక, దాని చుట్టూనున్న లోహమునూ చూడవలెనన్నది అందరికీ పాఠము.

తనిఖీలో చూడవలసినవి కొన్నే. పైన సన్నని నెరియలు కనబడితే గాభరాపడనక్కరలేదు. రేకు అంచున రబ్బరు ఊడి, వ్రేలిగోరు దూరే సందు కనబడితే అది పనికిరాదు. దిమ్మ ఒక ప్రక్కకు ఉబ్బినా, రేకు వంగినా, ఎత్తు మితికి తగ్గినా తీసివేయవలెను.

కుర్రవానికి మేము చెప్పినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. "అదే సర్దుకుంటుంది" అన్న మేస్త్రీగారి మాట సగము నిజము. కొత్త రబ్బరు క్రుంగుతుంది. కాని ప్రక్కనున్న పాతవి ఏళ్ళ తరబడి క్రుంగినవి. వేయి రోజులలో అవి దిగినంత ఇది వారములో దిగదు. అతడు కొలిచి తెచ్చిన తేడా 8 మిల్లీమీటర్లు. పైన అనుకొన్న స్ప్రింగు లెక్కనే వేస్తే, కొత్త దిమ్మ ఉన్న మూలా, దాని ఎదురు మూలా సుమారు 200 కిలోలు ఎక్కువ మోస్తాయి. మిగిలిన రెండు మూలలు 200 కిలోలు తక్కువ మోస్తాయి. ఇది చిన్నదే. కాని ఆ తేలిక మూలే వానకు క్రుంగిన చోటికి వచ్చినప్పుడు దారి తగ్గించే 500 దీనితో కలిసి 700 అగును. 2,500లో నాలుగవ వంతుకు మించినది. రెండు చిన్న తప్పులు ఒకే మూలన కలిసినప్పుడు అపాయము వస్తుంది.

లెక్క చెప్పుట మాకు కష్టము కాలేదు. తరువాత అతడు అడిగినదే కష్టమైనది. "మరి నేను వెళ్ళి చెప్పవచ్చునా మాస్టారూ? ఆయన నాకు పని నేర్పే పెద్దమనిషి." పని నేర్చుకొనే కుర్రవాడు మేస్త్రీ మాటకు ఎదురు చెబితే ఏమగునో మన కుటుంబాలలో ఎవరికి తెలియదు? మన తాతలను ఓడ ఎక్కించినవారూ, కూలి లెక్క వ్రాసినవారూ మేస్త్రీలే. చెప్పమనుటకు మాకు కొంచెము భయము వేసినది. మానుమనుటకు నోరు రాలేదు.

చివరకు ఇట్లా అన్నాము. "ఎదురు చెప్పవద్దు బాబూ. నాలుగు మూలల ఎత్తూ కొలిచి కాగితము మీద వ్రాసి, 'అయ్యా, ఈ అంకెలు ఒకసారి చూస్తారా' అని వారి చేతికి ఇవ్వు."

అతడు అట్లే చేసినాడు. మేస్త్రీగారు కాగితము చూచి రెండు రోజులు ఏమీ అనలేదట. మూడవనాడు తానే వచ్చి, కొలబద్ద తీసుకొని మరల కొలిచి, బోగీకి నాలుగు వైపులా ఒకే జట్టు దిమ్మలు వేయించినారట. పాతవానిలో ఇంకా మంచివి ఉన్నవాటిని, వాటి ఈడువే ఉన్న మరొక బోగీకి ప్రక్కన పెట్టించినారట. కుర్రవానిని ఏమీ అనలేదు. అప్పటి నుండి ఎత్తులు కొలిచే పని మాత్రము అతనికే అప్పగించినారు.

మామ్మగారికి ఒక పాత దిమ్మ ముక్క తెచ్చి చూపినాడు. ఆమె గోటితో రబ్బరును గీరి, ముక్కు దగ్గర పెట్టుకొని, "గంధకము వాసన, పాల వాసన లేదు" అన్నారు. అయినా ఆ ముక్కను ఇంటికి తీసుకొని పోయి, ఊగుతున్న మంచపు కోడు క్రింద పెట్టించుకొన్నారట.

మన పిల్లలలో మరమ్మతు శాలలకు, ఫ్యాక్టరీలకు పోయేవారు చాలామంది ఉన్నారు. పని చేతితో నేర్చుకొంటే చాలునని కొందరు అంటారు. చేతితో పాటు లెక్క కూడా ఉండవలెనని మా మనవి. ఈ వ్యాసములో వాడిన పనిముట్ల మాటలకు మీ తోటలలో, మీ ఊళ్ళలో వాడే మంచి తెలుగు మాటలుంటే దయచేసి పత్రికకు వ్రాయండి. వాటిని మా ఆదివారపు బడి నల్లబల్లపై వ్రాసి, పిల్లలకు నేర్పుకొంటాము.